డీజిల్‌లో అడిటివ్ పోస్తే ఏమైనా మిగులుతుందా: హాలియా దగ్గర మూడు నెలల ప్రాజెక్టు డైరీ

సామాను ఇదీ. 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఒకటి, మూడు సిలిండర్లది, పాత రకం ఇన్‌లైన్ పంపుతో. యాసంగి కోతలు ముగిసి షెడ్డు కిందికి చేరిన వరికోత మిషన్ ఒకటి. ఈ రెండింటికీ డీజిల్ అందించే 200 లీటర్ల ఇనుప డ్రమ్ము. అంగట్లో దొరికే అడిటివ్‌లు, అంటే డీజిల్‌లో కలిపే మందులు, మూడు రకాలు: ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ మసిని కడిగే డిటర్జెంటు, డీజిల్ త్వరగా అంటుకునేట్టు సిటేన్ పెంచే మందు, నీళ్లను డీజిల్‌లో కలిపేసేది. మూడింటి మీదా రాసి ఉన్న మామూలు మోతాదు ఒకటే, లీటరుకు 1 మి.లీ. మైలేజ్ పెరుగుతుందన్న మాట కూడా మూడింటి మీదా ఉంది. గడ్డకట్టకుండా కాపాడే నాలుగో రకం కూడా అమ్ముతారు గానీ దాన్ని ముట్టుకోలేదు. డీజిల్‌లో మైనం తేలేంత చలి నల్లగొండలో పడదు.

మే 26

అడిటివ్ మూత తీసే ముందే డీజిల్ ఎట్లాంటిదో తేలాలి. బంకులో 500 మి.లీ. గాజు జాడీ, హైడ్రోమీటరు, థర్మామీటరు ఉంటాయి. అడిగితే ఇవ్వాల్సిందే, అది కొనేవాడి హక్కు. జాడీని చదునైన చోట నీడలో పెట్టి, డీజిల్ పోసి, బుడగలు పోయేదాకా ఆగాలి. హైడ్రోమీటరును మెల్లగా దింపి, గోడకు అంటకుండా ఒకసారి తిప్పి వదలాలి. కంటిని మట్టానికి తెచ్చి అంకె చదవాలి. ఉష్ణోగ్రత అదే నిమిషంలో రాసుకోవాలి.

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. బంకు బోర్డు మీది సాంద్రత 15 డిగ్రీల దగ్గరి లెక్క. మే నెలలో జాడీలోని డీజిల్ 40 డిగ్రీల దాకా ఉండొచ్చు. ఒక్కో డిగ్రీకి సాంద్రత (ఘన మీటరుకు కిలోల్లో) సుమారు 0.7 తగ్గుతుంది. అంటే 40 డిగ్రీల దగ్గర 810 చూపిస్తే, 25 డిగ్రీల తేడాకు 17.5 కలిపి 827.5 అనుకోవాలి. కచ్చితమైన లెక్కకు బంకులో ఉండే పట్టిక చూడాలి. బోర్డు మీది అంకెకూ దీనికీ తేడా 3 దాటితే అక్కడే నిలదీయాలి. ఈ లెక్క తెలియక 810 చూసి కల్తీ అని గొడవకు దిగేవాళ్లున్నారు. కిరోసిన్ కలిపితే సాంద్రత పడిపోయే మాట నిజమే, కానీ ఎండకు కూడా పడిపోతుంది.

ఈ విడత డీజిల్ తేడా లోపలే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమ్మేది బీఎస్-6 డీజిలే. ఐఎస్ 1460 ప్రకారం దాంట్లో గంధకం కిలోకు 10 మి.గ్రా. మించకూడదు, సిటేన్ సంఖ్య 51కి తగ్గకూడదు, నీళ్లు కిలోకు 200 మి.గ్రా. దాటకూడదు. గంధకం తీసేటప్పుడు డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం తగ్గుతుంది. అందుకే పంపు అరగకుండా కాపాడే మందును కంపెనీలే కలిపి పంపుతాయి. దానికీ పరీక్ష ఉంది. ఉక్కు గుండును ఉక్కు పలక మీద 60 డిగ్రీల దగ్గర రుద్దినప్పుడు పడే అరుగుదల గుర్తు 460 మైక్రాన్లు దాటకూడదు. కాబట్టి మంచి బంకు డీజిల్‌లో అడిటివ్ ముందే ఉంది. మనం పోసేది దాని మీద రెండోసారి.

మే 27

డ్రమ్ము అడుగు చూశాం. కొలత కర్ర కొసకు వాటర్ పేస్టు పూసి నిలువుగా దింపి, అడుగు తాకాక అర నిమిషం ఉంచి తీస్తే, కింద రెండు వేళ్ల ఎత్తు రంగు మారింది. అంత మేరా నీళ్లే.

సన్నటి గొట్టం పై కొసను బొటనవేలితో మూసి, అడుగుదాకా దించి, వేలు తీసి మళ్లీ మూసి పైకి లాగితే అడుగున ఉన్నదే వస్తుంది. అట్లా నాలుగైదుసార్లు తీసి గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచాం. తెల్లారేసరికి సీసాలో మూడు పొరలు కట్టింది. పైన లేత పసుపు డీజిల్, అవతల పెట్టిన పేపరు అక్షరాలు కనపడేంత తేటగా. కింద కొంచెం మబ్బు పట్టిన నీళ్లు, వాటి అడుగున తుప్పు నలక. ఈ రెండింటి నడుమ కాగితం మందాన గోధుమ రంగు పొర. పుల్లతో లేపితే తెగకుండా జిగటగా సాగింది, పాలమీగడలాగా. అది బురద కాదు, ప్రాణమున్నదే. డీజిల్‌ను తింటూ నీళ్లలో బతికే బూజు, బాక్టీరియా కలిసి ఆ పొర కడతాయి. నీళ్లు లేకపోతే అది పుట్టదు.

ఇన్ని నీళ్లు బంకు నుంచి వచ్చాయా? లెక్క చూస్తే కాదనే తేలుతుంది. 200 లీటర్ల డీజిల్ సుమారు 166 కిలోలు. కిలోకు 200 మి.గ్రా. నిండా ఉన్నా మొత్తం 33 గ్రాములే, అంటే రెండు పెద్ద చెంచాలు. తక్కినదంతా డ్రమ్ము నిలబెట్టిన తీరు వల్ల వచ్చింది. పైమూత చుట్టూ అంచు ఉంటుంది కదా, వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకు డ్రమ్ములోని గాలి ఉబ్బి మూత సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడి ముడుచుకున్నప్పుడు అదే సందులోంచి ఆ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. మూత గట్టిగానే ఉందనిపిస్తుంది, నీళ్లు మాత్రం దిగుతూనే ఉంటాయి.

మే 29

డ్రమ్ము ఖాళీ చేసి, లోపల డీజిల్‌తోనే కడిగి, బట్టతో తుడిచి ఆరబెట్టాం. నీళ్లతో కడిగితే తుప్పు మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు దాన్ని దిమ్మెల మీద పడుకోబెట్టాం, రెండు మూతలూ గడియారంలో 3, 9 ఉండే చోటుకు వచ్చేట్టు. నిండుగా ఉన్నప్పుడు మూతలు డీజిల్ మట్టం కిందికి వస్తాయి కాబట్టి గాలి పీల్చే దారి ఉండదు. వాడకం మొదలయ్యాక ట్యాప్ బిగించి, ట్యాప్ లేని వైపు కొద్దిగా వాల్చాలి. నలక, నీళ్లు అటు చేరతాయి, చివరి నాలుగు లీటర్లు ఇంజన్‌కు పోవు.

డీజిల్ తెచ్చే డబ్బాల్లో ఒకటి జింకు పూతది, దాన్ని పక్కన పెట్టేశాం. డీజిల్‌లోని ఆమ్లాలతో జింకు కలిసి సబ్బులాంటి పదార్థం తయారై నాజిల్ రంధ్రాల దగ్గర పేరుకుంటుంది. నాజిళ్లు ఎంత త్వరగా మసిపట్టి మూసుకుంటాయో పరీక్షించే ఐరోపా ప్రయోగశాలలు డీజిల్‌లో కావాలనే జింకు కలుపుతాయి. మనం ఆ పని డబ్బాతో చేసుకుంటున్నాం. ప్లాస్టిక్ క్యాను గానీ పూత లేని ఇనుము గానీ వాడాలి. ఇత్తడి, రాగి సామాను కూడా డీజిల్ నిల్వకు పనికిరాదు.

జూన్ 4

వరికోత మిషన్ ట్యాంకు అడుగు ప్లగ్ వదులు చేస్తే ముందు నీళ్లే వచ్చాయి. ఫిల్టర్ కింది గిన్నెలో అదే గోధుమ రంగు పొర. నీళ్లను కలిపేసే అడిటివ్ ఇట్లాంటి చోటనే పోయమంటారు. అది పోయలేదు. కారణం వివరంగా రాసి పెట్టాల్సిన సంగతి.

ఆ మందు నీళ్లను మాయం చేయదు. సన్నటి తుంపరగా విడగొట్టి డీజిల్‌లో తేలేట్టు చేస్తుంది. ఫిల్టర్‌లో నీళ్లు విడిపోవాలంటే చుక్కలు ఒకదాంతో ఒకటి కలిసి పెద్దవై కిందికి జారాలి. ఈ మందు సరిగ్గా ఆ కలయికనే ఆపుతుంది. దాంతో గిన్నెలో ఆగాల్సిన నీళ్లు ఫిల్టర్ దాటి పంపులోకి, నాజిల్ కొసకు పోతాయి. అక్కడి వేడికి నీటి చుక్క ఒక్కసారిగా ఆవిరై నాజిల్ కొసను పగలగొట్టే ప్రమాదం ఉంది. సీసాలో చేసి చూడొచ్చు: అడుగున నీళ్లున్న డీజిల్‌లో ఈ మందు చుక్కలు వేసి ఊపితే మజ్జిగలాగా తెల్లబడి, పూట గడిచినా తేటపడలేదు. మందు వేయని సీసా కాసేపట్లోనే విడిపోయింది. అడిటివ్ కొంటే నీళ్లను విడగొట్టేదే కొనాలి, కలిపేది కాదు. గోడౌన్లో ఇంతకంటే మంచి మందు ప్లగ్ విప్పే 19 స్పానరే.

ట్యాంకును పూర్తిగా దించి, జాలీ తీసి కడిగి, రెండు ఫిల్టర్లూ మార్చాం. బూజును చంపే మందు వాడలేదు. చచ్చిన పొర కూడా ఫిల్టర్‌లోనే ఇరుక్కుంటుంది. ముందు చేత్తో శుభ్రం చేయాలి, అయినా మళ్లీ పుడితేనే ఆ మందు. అప్పుడైనా చేతులకు తొడుగులు, దగ్గర మరో జత ఫిల్టర్లు ఉండాలి.

కొత్త ఫిల్టర్లు వేశాక గాలి తీయాలి. ఫిల్టర్ మీది స్క్రూ రెండు చుట్లు వదిలి, చేతి పంపు కొడుతూ నురగ ఆగి డీజిల్ ధారగా వచ్చాక పంపు కొడుతూనే బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర అదే పని. ఫిల్టర్ వదిలేసి నేరుగా నాజిల్ పైపులు విప్పితే బ్యాటరీ దిగిపోతుంది, గాలి మాత్రం పోదు.

చివరగా ట్యాంకును మెడదాకా నింపాం. అక్టోబరు దాకా వానల్లో నిలబడే మిషన్ ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని తడి గాలి ప్రతి రాత్రీ గోడలకు చెమటపట్టి కిందికి జారుతుంది. నిల్వ మందు అవసరం లేదు. నీడలో, నీళ్లు లేకుండా ఉంటే అయిదారు నెలలకు డీజిల్ చెడదు.

జూన్ 12

ట్రాక్టర్ నల్ల పొగ వదులుతోంది. పొగ తగ్గాలంటే సీసా పోయమనే సలహా ముందొస్తుంది. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, లేదా గాలి తక్కువ. కాబట్టి ముందు గాలి చూడాలి. ఎయిర్ క్లీనర్ నూనె గిన్నె విప్పితే అడుగున ఎర్రమట్టి ముద్ద. కడిగి కొత్త నూనె గీతదాకా పోసి బిగిస్తే పొగలో సగానికి పైగా అక్కడే పోయింది. గీత దాటి పోయకూడదు, ఇంజన్ నూనెను పీల్చుకుంటుంది.

మిగిలిన పొగ కోసం నాజిళ్లు విప్పి చేతి టెస్టర్ మీద పెట్టాం. ఇక్కడ ఒక్క మాట. టెస్టర్ నుంచి వచ్చే తుంపర ముందు చెయ్యి పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, వేలే తీసేయాల్సి రావచ్చు.

మూడింటిలో ఒకటి బాగుంది: తెరుచుకునే ఒత్తిడి మాన్యువల్ అంకెకు దగ్గర, రంధ్రాలన్నిటి నుంచి సమానంగా మంచులాంటి తుంపర, ఆగగానే కొస పొడి. రెండోదాంట్లో ఒక రంధ్రం వైపు తుంపర సన్నగా, ధారలాగా వస్తోంది. కొస చుట్టూ నల్లటి మసి పువ్వులాగా కట్టింది. మూడోది తెరుచుకునే ఒత్తిడి పడిపోయింది. అంతేకాదు, తెరుచుకోకముందే కొస మీద చుక్క ఊరి, నిండి, జారుతోంది. సూది కూర్చునే చోటు అరిగిన గుర్తు అది.

ఈ తేడా మీదే ప్రాజెక్టు అంతా ఆధారపడి ఉంది. రెండోది మురికి, మూడోది అరుగుదల. డిటర్జెంటు దేన్ని బాగు చేస్తుందో చూడాలని, రెండింటినీ ఇంకా బాగు చేయకుండా, నంబర్లు గీసి, ఎక్కడివక్కడే పెట్టాం. రాగి వాషర్లు మాత్రం కొత్తవి. పాత వాషర్ గుంతలోనే అంటుకుని ఉండిపోతే దాని మీద కొత్తది వేసినప్పుడు నాజిల్ ఎత్తున కూర్చుంటుంది, తుంపర పిస్టన్ గిన్నెలో పడదు, పొగ ఇంకా పెరుగుతుంది. టార్చి వేసి చూసి, కొక్కెంతో లాగి తీయాలి.

జూన్ 18 నుంచి 21

డీజిల్ ఖర్చు కొలత. ట్యాంకు నింపి, పని చేసి, మళ్లీ నింపి చూసే లెక్కకు విలువ లేదు. నేల తడి, డ్రైవరు కాలు, నింపినప్పటి నురగ, ఒక్కోటీ అడిటివ్ చెప్పే 3 శాతం కంటే పెద్ద తేడా తెస్తాయి.

ఇంజన్ మీద బరువు స్థిరంగా ఉండాలని పీటీఓకు, అంటే వేరే యంత్రాలను తిప్పే ట్రాక్టర్ వెనక ఇరుసుకు, నీటి పంపు తగిలించాం. సిమెంటు తొట్టిలోంచి తోడి అదే తొట్టిలో పోయించాం, దాంతో మట్టం మారదు. టాకోమీటరుతో చూసి పీటీఓను నిమిషానికి 540 చుట్ల దగ్గర నిలిపి, థ్రాటిల్‌ను తీగతో కట్టాం. ట్యాంకు పైపు విప్పి 10 లీటర్ల క్యానును కాటా మీద పెట్టి దాన్నుంచి డీజిల్ ఇచ్చాం. నాజిళ్ల నుంచి వెనక్కి వచ్చే పైపు కూడా ఆ క్యానులోకే రావాలి. దాన్ని ట్యాంకుకే వదిలేస్తే వెనక్కి పోయిన డీజిల్ కూడా తాగినట్టు లెక్కలోకి వస్తుంది. గొట్టాలు క్యాను అంచును తాకకుండా పైనుంచి వేలాడదీయాలి. బిరుసు గొట్టం ఒరిగితే కాటా అంకె తప్పుతుంది.

లీటర్లు కాదు, గ్రాములే కొలవాలి. 10 డిగ్రీలు వేడెక్కితే డీజిల్ పరిమాణం దాదాపు 0.8 శాతం పెరుగుతుంది. వెనక్కి వచ్చే డీజిల్ వేడిగానే ఉంటుంది. లీటరు గీతలు చూస్తే ఆ ఒక్క శాతం అడిటివ్ ఖాతాలో పడుతుంది. ఈ లోడు దగ్గర ట్రాక్టర్ గంటకు సుమారు 4 కిలోలు తాగుతుంది కనుక 1 శాతం అంటే 40 గ్రాములు. అందుకే 5 గ్రాముల తేడా చూపే కాటా సరిపోతుంది.

మోతాదుకు మూత కొలత వాడలేదు, పశువుల మందుకు వాడే 10 మి.లీ. సిరంజి వాడాం. 8 లీటర్లకు 8 మి.లీ. క్యాన్ల మీద క, ఖ అని మాత్రమే రాశాం, కాటా చదివే మనిషికి దేంట్లో ఏముందో తెలియదు. ప్రతి పరుగుకు ముందు అర గంట వేడెక్కించి, ఫిల్టర్లలో మిగిలిన పాత డీజిల్ పోయేదాకా 20 నిమిషాలు ఈ కొత్త డీజిల్ మీద నడిపి, అప్పుడు గంటసేపు కొలత. వరస ఉత్తది, మందుది, ఉత్తది, మందుది. అన్నీ పొద్దున 6 నుంచి 10 లోపలే. ఎండెక్కాక గాలి పలచబడి లెక్క మారుతుంది.

సిటేన్ మందుకూ డిటర్జెంటుకూ ఫలితం ఒకటే. రెండు ఉత్త పరుగుల మధ్య ఎంత తేడా ఉందో, ఉత్తదానికీ మందుదానికీ అంతే తేడా. అడిటివ్ వల్ల మిగిలిందని చెప్పడానికి కాటా ఒప్పుకోలేదు.

అది ఎందుకో కూడా లెక్కలోనే ఉంది. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి. దాంట్లో పోసే 1 మి.లీ. మందు డీజిల్ అంత శక్తి ఉన్నదే అయినా వెయ్యిలో ఒక వంతు. ‘పూర్తిగా మండిస్తుంది’ అనే మాటకూ చోటు తక్కువ. బాగున్న డీజిల్ ఇంజన్‌లో ఇంధనం 98 శాతానికి పైగా ఇప్పటికే మండుతోంది. పోయేదంతా రేడియేటర్‌లో, సైలెన్సర్‌లో వేడిగా పోతోంది, దాన్ని ఏ సీసా వెనక్కి తేలేదు. సిటేన్ మందు చేసే పని వేరు. డీజిల్ పడ్డాక అంటుకోవడానికి పట్టే జాప్యాన్ని తగ్గిస్తుంది. చలి దేశాల్లో తెల్లవారుజాము స్టార్టింగుకు, టకటక చప్పుడు తగ్గడానికి అది పనికొస్తుంది. 51 సిటేన్ డీజిల్ పోసి, 40 డిగ్రీల గాలి పీల్చే ట్రాక్టర్‌కు ఆ అవసరమే రాదు.

జూలై 8 నుంచి ఆగస్టు 2

డిటర్జెంటుకు అసలు పరీక్ష మైలేజ్ కాదు, రెండో నంబరు నాజిల్ మీది మసి. సాగర్ ఎడమ కాలువ కింద దమ్ముల కాలం కాబట్టి ట్రాక్టర్‌కు బరువు పని దొరికింది. వరసగా రెండు ట్యాంకులు డబ్బా మీద రాసిన కడిగే మోతాదుతో నడిపాం. ఖాళీగా తిప్పుతూ ఈ మందు పోస్తే దండగ, నాజిల్ వేడెక్కి పని చేస్తేనే మసి వదులుతుంది.

మొదటి ట్యాంకు సగంలోనే ట్రాక్టర్ బరువు మీద గుంజుకుంది, పికప్ పోయింది. ఫిల్టర్ విప్పితే నల్లగా మూసుకుపోయింది. ట్యాంకు గోడల మీది పాత జిడ్డును మందు వదిలించింది, అది వచ్చి ఫిల్టర్‌లో పడింది. ఫిల్టర్ తన పని తాను చేసింది. కానీ చేతిలో కొత్త ఫిల్టర్ లేకపోతే బురద నడుమ ట్రాక్టర్ ఆగిపోయేది. పాత బండికి డిటర్జెంటు పోసేవాళ్లు ఫిల్టర్ ముందే కొని పెట్టుకోవాలి.

ఆగస్టు 3

నాజిళ్లు మళ్లీ టెస్టర్ మీదికి ఎక్కించాం. రెండో నంబరు కొస మీది మసి పువ్వు పలచబడింది, ధారలాగా వచ్చిన రంధ్రం ఇప్పుడు మిగతావాటికి దగ్గరగా తుంపర కొడుతోంది. మూడో నంబరులో మార్పు లేదు. చుక్క అట్లాగే ఊరుతోంది. అరిగిన ఉక్కును డిటర్జెంటు పెంచలేదు.

మూడోదానికి కొత్త నాజిల్ వేసి, స్ప్రింగు దగ్గరి షిమ్ (సన్నటి రేకు) మార్చి ఒత్తిడి సరి చేశాం. స్ప్రింగును బట్టి 0.1 మి.మీ. షిమ్‌కు సుమారు 10 బార్ మారుతుంది. మూడు నాజిళ్లూ ఒకే ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి, లేకపోతే ఇంజన్ కుదుపు పోదు. బిగించాక పొగ దాదాపు కనపడలేదు. పొగ తగ్గింపులో పెద్ద వాటా ఎయిర్ క్లీనర్‌ది, తర్వాతది కొత్త నాజిల్‌ది. డిటర్జెంటుది మూడో స్థానం. అయినా ఆ స్థానం దానికి ఇవ్వాల్సిందే.

ఆగస్టు 10

కొత్త బండ్ల సంగతి వేరుగా రాస్తున్నాం. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి పొగ మీద ట్రెమ్-4 నిబంధనలు వచ్చాయి, ఎక్కువగా కామన్ రైల్ ఇంజన్లే, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేవి. అక్కడ ఇంజెక్టర్ లోపలి సందు కొన్ని మైక్రాన్లే. దాంట్లో పేరుకునే సన్నటి పొరకు మంచి డిటర్జెంటు నిజంగా పనికొస్తుంది, కానీ ఇంజన్ కంపెనీ ఒప్పుకున్నదే పోయాలి. మసి ఫిల్టర్ ఉన్న బండిలో టూ-స్ట్రోక్ నూనె, ఇంజన్ నూనె కలపడం అస్సలు చేయకూడదు. నూనెలోని లోహాలు బూడిదై ఆ ఫిల్టర్‌లో నిలిచిపోతాయి. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. కొన్ని బండ్లకు నీలం మూత ట్యాంకు వేరే ఉంటుంది. అందులో పోసే డీఈఎఫ్ 32.5 శాతం యూరియా కలిపిన నీళ్లు, డీజిల్ అడిటివ్ కాదు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే తాళం తిప్పకుండానే ట్యాంకు మొత్తం దించాలి. ఒకసారి స్టార్ట్ చేస్తే పంపు, ఇంజెక్టర్లు కూడా మార్చాల్సి రావచ్చు.

ఆగస్టు 24

మిగిలిన సీసాల్లో సిటేన్ మందు, నీళ్లు కలిపే మందు పక్కన పెట్టేశాం. డిటర్జెంటు ఉంచాం, ఏడాదికి ఒకసారి, దమ్ముల ముందు, కొత్త ఫిల్టర్ చేతిలో పెట్టుకుని. ఆ రెండూ మళ్లీ కొనకుండా మిగిలే డబ్బుతో నీటి గిన్నె ఉన్న ఫిల్టర్ ఒకటి డ్రమ్ము ట్యాప్‌కు బిగించాం. ట్రాక్టర్‌కు పోయేది ఇక వడగట్టిన డీజిలే.

వరికోత మిషన్ ట్యాంకు ప్లగ్ ఈ రోజు మళ్లీ విప్పి గాజు గ్లాసులో పట్టి చూశాం. మూడు వానలు పడ్డాయి, నీళ్లు ఒక చెంచాకు మించలేదు, పొర లేదు. సెప్టెంబరు చివర ఇంకోసారి, కోతకు దిగే ముందు రోజు మరోసారి విప్పాలి.